జగన్నాధం గారి టేబుల్ ఫ్యాను

శ్రీకాకుళం
3-10-2024

ప్రభువునందు ప్రియమైన తమ్ముడు డేవిడ్‌రాజుకి,

అక్క వందనాలు. ముప్పయ్యేళ్ళు రైలింజన్ల షెడ్డులో పనిచేసి చెవులు పోగొట్టుకున్నావు, పెద్ద ఫోను కొనుక్కుని మెసేజీలు చూసుకోరా అంటే "అచ్చరాలు సీమల్లాగున్నాయే, నాతో మాటాడాలంటే కాయితం మీద మాటాడు" అన్నావు. సరే, కాగితం మీదే మాట్లాడుతున్నాను. కాని ఈసారి మంచి మాట కాదు.

మా ఎదుటి ఫ్లాటు కూర్మయ్య గారు పోయారు. నువ్వు వచ్చినప్పుడు లిఫ్టులో నమస్కారం పెట్టావే, ఆ పెద్దాయన. ఒక్కరే ఉండేవారు. మూడు రోజులు ఆయనింట్లో కొళాయి పడుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. మనిషికి శుభ్రం ఎక్కువ అనుకున్నాను. చివరికి ట్యాంకు ఖాళీ అయిపోతోందని వాచ్‌మన్ తిట్టుకుంటూ వచ్చి తలుపు బాదాడు. స్నానాల గదిలో పడి ఉన్నారు. ఇరవై నాలుగు ఫ్లాట్లలో అందరికీ నీళ్ళు రావడం లేదని కోపం వచ్చింది గాని, మనిషి కనబడటం లేదని ఒక్కరికీ తోచలేదు. ముప్పై నాలుగేళ్ళు నర్సు పని చేసిన నాకూ తోచలేదు.

అప్పటినుంచి నాకు ఒకటే దిగులు. మీ బావ పోయి ఏడేళ్ళు, పిల్లల్లేరు. ఒక రోజు నేను కిందికి దిగకపోతే నా తలుపు కొట్టే మనిషి ఈ బిల్డింగులో ఉన్నారా? ఒక్కరు చాలు డేవిడ్. ఆ ఒక్కరిని సంపాదించుకోవాలి.

ఊరికే కలవండంటే మనుషులు కలవరు. చేతిలో ఏదో పని ఉండాలి. అందుకని మొక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళు ఆదివారం సాయంత్రం నాలుగింటికి మేడ మీదికి రండని లిఫ్టు పక్కన కాగితం అంటించాను. కుండీల సంఘం అని పేరు పెట్టాను. బీర, ఆనప, వంగ, ఏదైనా వేసుకోవచ్చు. నువ్వూ నీ లేఅవుట్‌లో ఏదో ఒకటి మొదలుపెట్టు. మరదలు ప్రిస్కిల్లా పోయిన దగ్గర్నుంచి ఆ స్క్రూడ్రైవర్లతో ఒక్కడివే ఆడుకుంటున్నావు. నలుగురినీ పిలిచి పాడైన సామాన్లు బాగుచేసే సంఘం పెట్టరాదూ?

పొయ్యి మీద పాలు పొంగేలా ఉన్నాయి, ఉంటాను.

నీ అక్క
జ్ఞానసుందరి


కొత్తవలస
11-10-2024

అక్కకి డేవిడ్‌రాజు వందనాలు.

కూర్మయ్య గారి సంగతి చదివాక ఆ పూట అన్నం సయించలేదు. నీ సంఘం సంగతి చదివాక మాత్రం నవ్వొచ్చింది. వార్డులో రోగుల్ని లేపి నడిపించినట్టు అందరినీ నడిపించేద్దామనుకుంటున్నావు. వాళ్ళు రోగులు కారే, ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్ళు.

మా లేఅవుట్‌లో పద్నాలుగు ఇళ్ళు. అందరూ పొద్దున్న బండికి విశాఖపట్నం పోయి చీకటిపడ్డాక వచ్చేవాళ్ళే. పక్కింటాయన పేరు నాకు తెలీదు. నా చెవుల తప్పే అనుకునేవాణ్ణి. మొన్న ఆయన కరెంటు బిల్లు మా గేట్లో పడితే ఇవ్వడానికి వెళ్ళాను. ఆయనకీ నా పేరు తెలీదు, ఆయన చెవులు బాగానే ఉన్నాయి.

అయినా నీ మాట ఎప్పుడు తీసేశాను? ఆరు ప్లాస్టిక్ కుర్చీలు కొని వరండాలో వేశాను. "పాడైన ఫ్యాన్లు, మిక్సీలు తెండి. కూర్చుని కలిసి బాగుచేసుకుందాం. డబ్బులు అక్కర్లేదు" అని అట్టముక్క మీద రాసి గేటుకి కట్టాను. రోజూ సాయంత్రం కూర్చుంటున్నాను. ఇప్పటికి ఒక కుక్క వచ్చింది.

డేవిడ్


శ్రీకాకుళం
8-11-2024

ప్రియమైన డేవిడ్,

నువ్వు నవ్వనంటేనే చెప్తాను.

ఆదివారం ఎవరూ రాలేదు. పై ఆదివారమూ రాలేదు. రెండో అంతస్తు సుహాసిని అని బ్యాంకు ఉద్యోగి భార్య ఉంది, కాస్త మాట కలుపుతుంది. ఆమెని అడిగితే, "కాయితం అంటిస్తే ఎవులొస్తారండి? గుమ్మంలోకొచ్చి బొట్టెట్టి పిలవాల. పిలుపంటే అదీ" అంది.

మనింట్లో ఎవరం బొట్టు పెట్టుకోలేదు, ఒకరికి పెట్టలేదు. అయినా దేవుడు నా మనసు చూస్తాడులే అనుకుని కుంకం భరిణె కొన్నాను. గుమ్మం గుమ్మం తిరిగాను. బొట్టు పెట్టబోతే కొందరు మొహం వెనక్కి తీసుకున్నారు. కొందరు "ఇలా ఇయ్యండి" అని వేలితో తీసుకుని, నేను చూస్తుండగానే తలుపుకి రాసేశారు. క్రైస్తవురాలిననేమో అనుకున్నాను. సాయంత్రం మేడ మీద పన్నెండు కుండీల మధ్య నేనొక్కదాన్నే.

తర్వాత సుహాసిని వచ్చి గుమ్మం బయటే నిలబడి చెప్పింది: "మీరే ఎల్లి ఎట్టేసేరేటండి? మీకు అయ్యగారు నేరు కదా. అలగ ఎట్టకూడదండి. ఇంకెవులి సేతైనా ఎట్టించాల. కొత్తగా పెళ్ళైన పిల్లలున్నారు, బయపడిపోనారు."

మొగుడు పోయినదాని చెయ్యట! ఇదే చేత్తో ఎన్ని పురుళ్ళు పోశానో లెక్క లేదు డేవిడ్. అప్పుడు ఎవరూ భయపడలేదు. పైగా మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మన సంఘం పెద్దమ్మ ఒకావిడ "కుంకం పట్టుకుని తిరిగేవటగా జ్ఞానం" అని అందరి ముందూ అడిగింది. ఇటు వాళ్ళకీ కాకుండా, అటు వీళ్ళకీ కాకుండా పోయాను.

మానేస్తున్నాను. నీ కుర్చీలు కూడా షాపువాడికి తిరిగి ఇచ్చేయ్. తలుపు వేసుకుని బతకడం అందరికీ వచ్చినట్టే మనకీ వస్తుంది.

జ్ఞానసుందరి


కొత్తవలస
15-11-2024

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మానేయొద్దు. ఎందుకంటావా, నేనూ మానేద్దామనుకున్న రోజే జగన్నాధం గారు వచ్చారు.

ఎదుటి వీధిలో ఉంటారు. రైసుమిల్లులో తూకం గుమాస్తాగా చేసి దిగిపోయారు. మనిషి మాట్లాడితే అరుపే, అందుకని నాకు సగమైనా అందుతుంది. చంకలో టేబుల్ ఫ్యాను పెట్టుకుని వచ్చారు. దాని రెక్క ఒకటి వంకర, తల తిప్పదు. "ఒరే డేవిడూ, ఇది తిరిగిందంటే మాయావిడ నాకు బువ్వెడతాది, నేకపోతే నేదురా" అన్నారు. పరిచయమైన పది నిమిషాల్లో నన్ను ఒరే అనేశారు. మర్నాడు ధర్మేంద్ర అని ఫ్యాక్టరీలో చేసే అతను మిక్సీ తెచ్చాడు. స్క్రూ ఎటు తిప్పాలనే దగ్గర ఇద్దరికీ పడలేదు. ఇద్దరూ కలిసి నా మంచి స్క్రూ ఒకటి మురిక్కాలవలో పడేశారు.

రోజూ వస్తున్నారక్కా. ఆరు కుర్చీలు చాలవేమో అనిపిస్తోంది.

నీకొక మాట చెప్తాను. ఎవర్నీ పిలవకు. అందరూ వచ్చిపోయే చోట కూర్చుని నీ పని నువ్వు చేసుకో. ఎదురుగా పని జరుగుతుంటే చూసేవాడికి చెయ్యి ఊరుకోదు.

డేవిడ్


శ్రీకాకుళం
22-12-2024

ప్రియమైన డేవిడ్,

క్రిస్మస్ వందనాలు ముందే చెప్తున్నాను. కేకు ముక్క కవర్లో పంపలేను, వచ్చి తిను.

నువ్వు చెప్పినట్టే చేశాను. పార్కింగులో పాత దుప్పటి పరిచి మట్టి, పెంట కలుపుతూ కూర్చున్నాను. రెండు రోజులు స్కూటర్లన్నీ నా పక్కనుంచే పోయాయి. మూడో రోజు త్రినాథ్ గారు ఆగారు. మా అసోసియేషన్ సెక్రటరీ, తిట్టడానికే ఆగారు. "పార్కింగులో ఈ మట్టేటండి?" అని మొదలుపెట్టి, "అంత తడెట్టకండి, ఏరు కుళ్ళిపోద్ది" అంటూ ప్యాంటు మడిచి కూర్చున్నారు. ఆయనది కోటబొమ్మాళి దగ్గర పల్లె, చిన్నప్పుడు నారుమళ్ళు చేసిన మనిషి. తర్వాత సుహాసిని దిగింది. మూడో అంతస్తు లక్ష్మణమ్మ గారు మోకాళ్ళ నెప్పితో కుర్చీ దింపించుకుని మరీ వచ్చింది.

ఒక సంగతి చెప్పాలి. మొదటి రోజు ఎవరికీ మాటలు దొరక్క బిగుసుకుని కూర్చుంటే, నీ ఉత్తరం తీసి చదివాను. అంతే! తర్వాత నువ్వు రాసిన రెండూ కూడా చదివించుకున్నారు. ఇప్పుడు వీళ్ళు వచ్చేది వంగ నారు కోసమో, జగన్నాధం గారి కోసమో నాకే తెలీడం లేదు. ధర్మేంద్రదే తప్పని త్రినాథ్ గారు, కాదని సుహాసిని రోజూ వాదించుకుంటారు. లక్ష్మణమ్మ గారైతే పోస్టుమాన్‌ని ఆపి అడుగుతోంది: "ఈయమ్మ తమ్ముడు ఉత్తరం రానేదేటి? ఆ మడిసికి పెళ్ళాం బువ్వెట్టిందో నేదో!"

జగన్నాధం గారి ఫోన్ నంబరు పంపు. త్రినాథ్ గారు ఆయనతో మాట్లాడాలని సరదా పడుతున్నారు.

నీ అక్క
జ్ఞానసుందరి


కొత్తవలస
4-1-2025

అక్కకి వందనాలు.

కొత్త సంవత్సరం నిన్ను చల్లగా చూడాలి. జగన్నాధం గారు ఫోను వాడరు. పైగా ఆయనకి ఒంట్లో బాగోలేదు, ఈమధ్య రావడం తగ్గించారు. ధర్మేంద్రకి అనకాపల్లి వైపు పని దొరికి వెళ్ళిపోయాడు. ఇక్కడ అంతా పలచబడిపోయింది, రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

నా ఉత్తరాలు ఇక వాళ్ళకి చదవకక్కా. నావి గొప్ప రాతలేం కావు. మీ మొక్కలు మీకున్నాయి కదా, వాటి గురించి మాట్లాడుకోండి.

డేవిడ్


శ్రీకాకుళం
27-1-2025

ప్రియమైన డేవిడ్,

ఈ ఉత్తరం నీళ్ళు నిండిన కళ్ళతో రాస్తున్నాను, కంగారు పడకు, సంతోషంతోనే.

గురువారం నాకు జ్వరం తగిలింది. కిందికి దిగలేదు. ఐదున్నరకి తలుపు చప్పుడైంది. సుహాసిని. "మట్టి కాడికి రానేదేటండి? ఏటైంది?" అంది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. వెళ్ళి గిన్నెలో జావ తెచ్చింది. ఆమె వెళ్ళాక తలుపు వేసుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. నాకు కావలసింది ఇదే, దీనికంటే నేనేమీ అడగలేదు. ఇది నీ వల్లే వచ్చింది.

జగన్నాధం గారికి బాగోలేదని చదవగానే ఇక్కడ అందరి మొహాలూ వాడిపోయాయి. చదవొద్దన్నావని తెలుసు, ఆగలేకపోయాను. చూసి రావాలని పట్టుబట్టారు. ఫిబ్రవరి ఎనిమిది, రెండో శనివారం, పొద్దున్న ఆమదాలవలసలో బండెక్కుతాం. నేను, సుహాసిని, వాళ్ళాయన, త్రినాథ్ గారు, లక్ష్మణమ్మ గారు. ఆ మోకాళ్ళతో ఆవిడ రైలెక్కుతానంటోంది! జగన్నాధం గారికని రాగులు మొలకకట్టి ఎండబెట్టి పిండి చేయించింది. ఈ బిల్డింగు వాళ్ళు ఐదుగురు కలిసి ఎక్కడికైనా వెళ్ళడం ఇదే మొదలు. వంట పెట్టుకోకు, పులిహోర మేమే తెస్తాం.

జ్ఞానసుందరి


కొత్తవలస
5-2-2025

అక్కా,

నీ ఉత్తరం నిన్ననే అందింది. ఈ ఉత్తరం శనివారంలోగా నీకు చేరదని భయపడి వెంటనే నీకు ఫోన్ చేశాను. నాకు వినబడకపోయినా నీకు వినబడుతుంది కదా. ఎత్తావని గరగర వల్ల తెలిసింది, ఆడగొంతని తెలిసింది, మాట మాత్రం అందలేదు. ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆగకుండా అంతా చెప్పేశాను. నువ్వు ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నట్టు అనిపించింది. కోపంతో ఏమన్నా పడతాను. కాసేపటికి నీ గొంతు ఆగిపోయింది, వింటున్నావనుకున్నాను.

అదంతా మళ్ళీ కాగితం మీద పెట్టడానికి సిగ్గుగా ఉంది. విన్నావు కాబట్టి మీరు ఇక బయల్దేరరు. వాళ్ళకి ఏదో ఒకటి సర్ది చెప్పు. క్షమించు.

డేవిడ్


శ్రీకాకుళం
10-2-2025

డేవిడ్,

నీ ఐదో తారీకు ఉత్తరం ఇవాళ వచ్చింది. నువ్వు ఫోన్ చేసిన మంగళవారం నా ఫోను చార్జింగ్ పిన్ను పోయి షాపులో స్విచాఫ్ అయి ఉంది. నువ్వు చెప్పిందంతా ఎవరికి చెప్పావు? "మీరు కాల్ చేసిన వ్యక్తి అందుబాటులో లేరు" అని చెప్పే ఆవిడకి చెప్పావు.

నాకేమీ తెలీకుండానే వచ్చాను. నువ్వు గేటు దగ్గర మమ్మల్ని చూసి నిలువునా కొయ్యబారిపోయావు. త్రినాథ్ గారు "జగన్నాధం గారి ఇల్లెటండి?" అని కాగితం మీద రాసి చూపించారు. నీకు నీ గొంతు ఎంత పెద్దదో తెలీదు. వీధంతా వినబడేలా చెప్పావు: "నేడండి! అలాంటి మనిషే నేడు! నేనే కల్పించేను. అక్కకి మంగళారమే సెప్పేసేను, ఆయమ్మకి అన్నీ తెలుసు!"

అన్నీ తెలుసు అన్నావు. వాళ్ళు నావైపు తిరిగారు. నాకు తెలీదని ఎన్ని ఒట్లు వేసినా ఎవరు నమ్ముతారు? తమ్ముడు రాశాడు, అక్క చదివింది, ఇద్దరూ కలిసి ఆడించారు. వాళ్ళకి అలాగే అర్థమైంది. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకుంటాను.

తిరుగు బండిలో ఎవరూ పులిహోర డబ్బా మూత తియ్యలేదు. లక్ష్మణమ్మ గారు ఆ పిండి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమదాలవలసలో దిగాక ఒక్క మాట అంది: "నేని మడిసి కోసం మూడ్రోజులు రాగులు ఎండబెట్టించేరమ్మా నాసేత." సుహాసిని వాళ్ళాయన "మొదట బొట్టు, తర్వాత ఉత్తరాలు. ఇంకేం మతలబు ఉందో" అన్నాడు. సుహాసిని కాదనలేదు. ఆదివారం పొద్దున్న తలుపు తీస్తే నేనిచ్చిన కుండీలన్నీ నా గుమ్మంలో పెట్టి ఉన్నాయి.

ఎందుకు చేశావురా?

జ్ఞానసుందరి


కొత్తవలస
17-2-2025

అక్కా,

అందుబాటులో లేరని చెప్పే ఆవిడ ఒకరుంటుందని నాకు తెలుసు. చెవులు పోయి పదేళ్ళు, ఆవిణ్ణి మర్చిపోయాను.

ఎందుకు చేశానంటావా? "తలుపు వేసుకుని బతకడం మనకీ వస్తుంది" అని రాశావు చూడు, అందుకు. నాకు అప్పటికే వచ్చేసింది, నీకు రాకూడదనుకున్నాను. కుర్చీలు నిజం. అట్టముక్క నిజం. రోజూ కూర్చోవడం నిజం. ఫ్యాను కూడా నిజం, పాత సామాన్ల కొట్లో కొన్నాను, బాగుచేశాను. దాన్ని తెచ్చిన మనిషినే కల్పించాల్సి వచ్చింది. నాలుగు ఉత్తరాలయ్యేసరికి సాయంత్రం అయితే ఆయన వస్తాడన్నట్టు నాకే ఉండేది. ఒంట్లో బాగోలేదని రాసిన రోజు నాకే దిగులేసింది. ఇది చదివి నాకు పిచ్చి పట్టిందనుకోకు.

మార్చి ఒకటో తారీకున వస్తాను. ప్రతి గుమ్మానికీ వెళ్ళి, అక్కకి తెలీదు, తప్పంతా నాది అని చెప్తాను. వద్దని రాయకు.

డేవిడ్


శ్రీకాకుళం
14-3-2025

ప్రియమైన డేవిడ్,

వచ్చావు, చెప్పావు. నువ్వు వెళ్ళేటప్పుడు "అందరూ విన్నారు కదే, ఇంక పరవానేదు" అన్నావు. నేను తలూపాను. ఒకరికొకరం అబద్ధాలు చెప్పుకోవడం ఇక్కడితో ఆపాలి కాబట్టి, నీకు వినబడనిది రాస్తున్నాను.

త్రినాథ్ గారు లోపల ఉండే, ఇంట్లో లేనని చెప్పమన్నారు, "నేనని సెప్పు" అని. లక్ష్మణమ్మ గారు టీవీ గొంతు పెంచింది. నువ్వు మూసిన తలుపుకి చేతులు జోడించి మొత్తం చెప్పావు. సుహాసిని తలుపు దాకా వచ్చింది. గడియ మీద చెయ్యి వేసిన చప్పుడు నాకు వినబడింది. కాసేపు అలాగే ఉంది. తియ్యలేదు. మేము మెట్లు దిగుతుంటే పైనుంచి ఎవరో "ఇదింకో నాటకం" అన్నారు.

ఆ తర్వాత ఒక తప్పు చేశాను, నీకు కాక ఎవరికి చెప్పను? పోయిన వారం రెండు రోజులు కావాలనే కిందికి దిగలేదు. పాలు వద్దన్నాను, దీపం వెయ్యలేదు. తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సుహాసిని చెప్పులు నాకు గుర్తే, నాలుగుసార్లు మెట్ల మీద వెళ్ళాయి. ఆగలేదు. మూడో రోజు లేచి స్నానం చేసి అన్నం వండుకున్నాను.

ఆమె మీద నాకు కోపం లేదు. కూర్మయ్య గారి ఫ్లాట్లోకి కొత్తవాళ్ళు దిగారు. వాళ్ళ పేరు నేనూ అడగలేదు.

ఈ రిజిస్టరు కవర్లో మా ఇంటి రెండో తాళం చెవి ఉంది. జాగ్రత్తగా పెట్టుకో. నీది కూడా ఒకటి చేయించి పంపు. ప్రతి సోమవారం నీకు ఉత్తరం వేస్తాను. ఏదైనా వారం అందకపోతే బయల్దేరు. ఇవాళ్టినుంచి లోపల గడియ పెట్టుకోవడం మానేశాను. వచ్చాక తలుపు కొట్టి నిలబడకు, నేను పలికినా నీకు వినబడదు. తాళం తీసుకుని లోపలికి వచ్చేయ్.

నీ అక్క
జ్ఞానసుందరి